మాట ఉన్న వేషం

మొన్న ఏలూరులో నాటకాలు అయిపోయాక, చేతిలో ఫోను పట్టుకుని ఒక పత్రికమ్మాయి నా దగ్గరకొచ్చింది. ఆ రోజు నాలుగు బృందాలు ఆడాయి. వట్లూరు నుంచి మావాళ్ళు, తాడేపల్లిగూడెం వాళ్ళు, మండవల్లి వాళ్ళు, భీమవరం అవతలి నుంచి కొత్తగా వచ్చినవాళ్ళు. ఆడినవాళ్ళలో చాలామంది బుద్ధి ఎదగలేదని చిన్నప్పుడే బడి మానిపించినవాళ్ళు. హాలు నిండిపోయి, జనం గోడల వెంట నిలబడి చూశారు.

"మేడమ్, ఈ నాటకాలు మొదలుపెట్టినవాళ్ళలో మీరూ ఒకరంట కదండి?" అని అడిగింది ఆ అమ్మాయి.

"మొదలుపెట్టింది నేను కాదమ్మా. చెడగొట్టబోయింది నేను" అన్నాను. ఆమె నవ్వేసి ఊరుకుంది. ఆ మాట రాసుకోలేదు. అందుకే నేనే రాస్తున్నాను.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అమ్మ అనేది. నిజమే. తాడేపల్లిగూడెంలో మిషన్ బళ్ళో ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. వెనక బెంచీవాడికి వినపడాలంటే గొంతు ఎంత లేపాలో నాకు తెలుసు. ఇంట్లో కూడా అదే గొంతు. నా బతుకులో ఎక్కువసార్లు అన్న మాట ఏదని ఎవరైనా అడిగితే, అది ప్రార్థన కాదు, పద్యమూ కాదు. ఇదీ ఆ మాట: "మా తమ్ముడండి. మాటలు సరిగా రావు. నేను చెప్తాను."

బస్సులో కండక్టరు ఎక్కడికని వాణ్ణి అడిగితే అదే అన్నాను. డాక్టరు నొప్పి ఎక్కడని అడిగితే అదే. పెళ్ళిళ్ళలో చుట్టాలు "ఏం బాబూ, భోంచేశావా?" అంటే అదే. వాడు అడిగినవాళ్ళ వంక చూసేవాడు, నా వంక చూసేవాడు, తెరవబోయిన నోరు మూసుకునేవాడు. వాడు నాకంటే ఏడేళ్ళు చిన్న. బుద్ధి సరిగా ఎదగలేదు, అమాయకుడండి అని ఊరంతా అనేది. మేమూ అదే అనేవాళ్ళం.

మాటలు రావనడం అబద్ధం. వస్తాయి, కాకపోతే ఆలస్యంగా వస్తాయి. ప్రశ్నకీ జవాబుకీ మధ్య వాడికి అన్నం ఒక పొంగు వచ్చేంత సేపు కావాలి. మా అమ్మకొక్కదానికే ఆ ఓపిక ఉండేది. "కూరేం చేయమంటావు నాన్నా?" అని అడిగి, బియ్యం కడిగి, ఎసట్లో పోసి, మూత పెట్టేది. అన్నం పొంగేవేళకి అరుగు మీద నుంచి "వంకాయ" అని వినపడేది. నేను పడీ పడీ నవ్వేదాన్ని. అమ్మ నవ్వేది కాదు, వంకాయలు తరుక్కునేది.

మా చర్చిలో క్రిస్మస్ డ్రామా బాధ్యత నాది. రాసేదీ నేనే, నేర్పేదీ నేనే, తెర పక్కన నోట్‌బుక్ పట్టుకుని మాటలు అందించేదీ నేనే. ఎవరైనా ఒక్క క్షణం తడబడితే చాలు, నేను అందుకునేదాన్ని. మా తమ్ముడికి మాత్రం మాటలు అందించాల్సిన పని లేకపోయింది, ఎందుకంటే వాడిది గొర్రె వేషం. పాత తెల్ల దుప్పటికి మైదా జిగురుతో దూది అంటించి, అట్టముక్కలతో చెవులు కుట్టేదాన్ని. వాడు నాలుగు కాళ్ళ మీద వంగి, కాపరుల పక్కన కదలకుండా ఉండేవాడు. కాపరుల వేషాలు వేసినవాళ్ళు పెద్దయ్యారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు, వాళ్ళ కొడుకులు కాపరులయ్యారు. గొర్రె మాత్రం మారలేదు. "మీ తమ్ముడు వేస్తే అచ్చం గొర్రేనండి" అని అందరూ అంటే, నేను మురిసిపోయేదాన్ని. సిగ్గు లేకుండా.

ఏటా క్రిస్మస్ నక్షత్రం కట్టే రోజున వాడు నా కొంగు పట్టుకునేవాడు. "అక్కా, ఈసారి నాకు మాట" అనేవాడు. కాపరి మాట ఒకటి ఉండేది: "పదండి, వెళ్ళి చూసొద్దాం." మూడే ముక్కలు. వాడికి అది చాలు. "వచ్చే ఏడాది చూద్దాంలే నాన్నా" అనేదాన్ని. చర్చి నిండా జనం ఉంటారు, వీడు నోరు తెరిచి నిలబడిపోతాడు, ఎవరో కిసుక్కున నవ్వుతారు, నా తల కొట్టేసినట్టవుతుంది. అదీ నా భయం. అప్పుడు దాన్ని ప్రేమ అనుకున్నాను. అందులో సగం నా పరువే. అలా అడిగి అడిగి ఒక ఏడాది వాడు అడగడం మానేశాడు. అది ఏ ఏడాదో కూడా నాకు గుర్తు లేదు. అదే నాకు ఇప్పటికీ బాధ.

అమ్మ ప్రభువు దగ్గరకు వెళ్ళిపోయాక, నేను రిటైరయ్యాక, ఆసుపత్రులు దగ్గరని ఏలూరు వచ్చేసి వట్లూరులో ఇల్లు తీసుకున్నాం. నాకు పెళ్ళి లేదు, వాడికీ లేదు, ఇద్దరమే. కాలేజీల వెనక సందులో ఒక పాత డాబాలో, ఇలాంటివాళ్ళ కోసం పగటిపూట నడిచే సెంటరు ఉండేది. కొవ్వొత్తులు పోయడం, కాగితం కవర్లు అంటించడం నేర్పేవాళ్ళు. వాణ్ణి అక్కడ దింపి, నేనూ అక్కడే కూర్చునేదాన్ని. వాడికేం కావాలో నేను చెప్పకపోతే ఎవరు చెప్తారు?

అక్కడికి ఒక అమ్మాయి వచ్చింది. మండవల్లిలో చేపల చెరువులున్న వాళ్ళమ్మాయి, నాటకాలు చదువుకుందట. సెంటరు నడిపే ఆవిడ "వీళ్ళేనమ్మా మా పిల్లలు" అని చూపించింది. ఆ అమ్మాయి అందర్నీ ఒకసారి చూసి, "పిల్లలెవరండి ఇందులో? ఈయనకి మా బాబాయి వయసుంటుంది" అంది మా తమ్ముణ్ణి చూసి. ఆ రోజు నుంచి వాడు బాబాయి గారయ్యాడు. యాభై ఏళ్ళకి మొదటిసారి వాడి వెనక ఒక గారు చేరింది.

నాటకం వేద్దామంది. కాగితం ఏమీ తేలేదు. అందర్నీ చాప మీద కూర్చోబెట్టి, ఒక్కొక్కరినీ ఒకటే అడిగింది. "నాకు తెలియనిది, మీకు బాగా తెలిసింది ఏదైనా చెప్పండి." మా తమ్ముడి వంతు వచ్చింది. నేను గోడ పక్క కుర్చీలోంచే అందుకున్నాను. "మా తమ్ముడండి. మాటలు సరిగా..."

"టీచర్ గారూ, నేను బాబాయి గారిని అడిగానండి" అంది మెత్తగా. ఆ మెత్తదనానికి నాకు ఒళ్ళు మండింది. నోరు మూసుకుని, ఇప్పుడు చూస్తుందిలే ఈ పిల్ల అనుకున్నాను.

ఆమె కాలు కదపకుండా కూర్చుంది. పైన ఫ్యాను తిరుగుతోంది. పక్కింట్లో కుక్కరు ఒక విజిల్ వేసింది, ఇంకొకటి వేసింది. మూడో విజిల్ అయ్యాక మా తమ్ముడు "బాతులు" అన్నాడు.

తర్వాత లేచాడు. మూలనున్న పొడుగు చీపురు తీసుకున్నాడు. దాన్ని నేలకు వాల్చి, కాసేపు ఎడమ పక్క, కాసేపు కుడి పక్క ఆడిస్తూ, ఎటో దూరంగా చూస్తూ నడవసాగాడు. గొంతులోంచి "దా... దా... దా..." అని చిన్నగా పిలుపు. ఎవరూ చెప్పకుండానే మిగతావాళ్ళు ఒక్కొక్కరే లేచి, పిరుదులు ఊపుకుంటూ వాడి ముందు నడిచారు. నవ్వొచ్చి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను. అంతలోనే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది మా అమ్మమ్మ ఊరి చెరువుగట్టు.

అమ్మమ్మ వాళ్ళది మండవల్లి వైపు, కొల్లేరు అంచున పల్లె. కోతలయ్యాక, రాలిన గింజ తినడానికి బాతుల మందల్ని తోలుకుని వచ్చేవాళ్ళు. మేం సెలవులకి వెళ్ళినప్పుడల్లా వీడు పొద్దున్నే ఆ మంద వెనక పోయి, సాయంత్రం దాకా వచ్చేవాడు కాదు. చివర గుడ్డపీలిక కట్టిన కర్ర వాడి చేతికి ఇచ్చేవాళ్ళు. నేను గట్టు వెంట అరుచుకుంటూ వెళ్ళి, మోకాళ్ళ దాకా బురదతో ఉన్నవాణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేదాన్ని. ఆ కాపరి ఒకసారి నాతో, "మీవోడు లెక్కెట్టడు గానండి, ఒకటి తగ్గితే చెప్పేత్తాడు. ఆయ్" అన్నాడు. పది దాటి లెక్క రాని మా తమ్ముణ్ణి వెక్కిరిస్తున్నాడనుకుని నేను ముఖం ముడుచుకున్నాను. ఆయన మెచ్చుకున్నాడని నాకు తెలియడానికి నలభై ఏళ్ళు పట్టింది.

అలా బాతుల నాటకం తయారైంది. గంట కూడా ఉండదు. కాపరి మందని తోలుకొస్తాడు. బాతులు పక్క చేలో పడతాయి. చేను రైతుకి కోపం. సాయంత్రానికి చేనుకి నీళ్ళు వదులుతాను, ఆలోపు మందని తోలుకుపోవాలి అంటాడు. చివరికి రైతు వచ్చి "అన్నీ వచ్చాయా?" అని అడుగుతాడు. కాపరి మందని చూసి, "ఒకటి రాలేదండి. అది వచ్చేదాకా నేను కదలను" అంటాడు. తర్వాత వెతికి, గంప కింద ఉన్న బాతుని పట్టుకుంటాడు. అప్పట్లో అది గుడ్డతో కుట్టిన బొమ్మ బాతు. కాపరి మా తమ్ముడు. రైతు వేషం ముప్పై ఏళ్ళ ఒకమ్మాయిది. వాళ్ళ నాన్న పంచె కట్టి, కండువా వేసుకుని, ఎదురైన ప్రతివాళ్ళనీ ప్రశ్నలడిగేది. నాటకం మధ్యలో కూడా చూసేవాళ్ళ వైపు తిరిగి "మీరు కాఫీ తాగారా? మీ ఇల్లెక్కడ?" అని అడగడం ఆమెకి అలవాటు. ఆ మండవల్లి అమ్మాయి, మా డైరెక్టరమ్మ, దాన్నీ ఆపలేదు.

ఆమె పెట్టిన నియమం ఒక్కటే. ఎవరికీ ఎవరూ మాట అందించకూడదు. ఎంతసేపైనా ఆగాలి.

మా తమ్ముడు తనకొచ్చిన కాపరి మాట పట్టుకుని ఊరంతా తిరిగాడు. స్నానాల గదిలో అదే, కంచం ముందు అదే. పాలు పోసే ఆయన వస్తే గుమ్మంలో నిలబెట్టి, "నాకు మాటుంది" అని చెప్పేవాడు. ఆయన పాపం పాలకేను పట్టుకుని ఓపిగ్గా, "ఏం మాటండి?" అని అడిగి, వినే వెళ్ళేవాడు. కూరలమ్మకి చెప్పాడు. చర్చిలో అయ్యగారికి చెప్పాడు. నాకు మాటుంది, నాకు మాటుంది. యాభై ఏళ్ళ మనిషి ముఖంలో అంత వెలుగు నేను ఎప్పుడూ చూడలేదు. వాడికి కావలసిందల్లా నలుగురి ముందు ఆ మాట వాడి నోటితో వాడు అనడం. అంతకంటే ఏమీ అడగలేదు.

మొదటి ప్రదర్శన తాడేపల్లిగూడెంలో పెట్టారు. రైతు వేషం వేసే అమ్మాయి వాళ్ళ నాన్నకి మార్కెట్ యార్డులో వ్యాపారం, ఆయనే ఒక షెడ్డు ఇప్పించాడు. ధాన్యం బస్తాలు ఒక పక్కకి జరిపి, దుప్పటి తెర కట్టాం. మధ్యాహ్నం మూడింటికి మా పాత చర్చివాళ్ళంతా వచ్చేశారు. ఒకప్పటి కాపరులు నెరిసిన తలలతో ముందు వరుసలో కూర్చున్నారు. "మన గొర్రె ఈసారి మాట్లాడతాడంటండి" అని వాళ్ళలో వాళ్ళు అనుకోవడం తెర పక్కనున్న నాకు వినపడింది.

అంతా బాగానే సాగింది. నవ్వారు, చప్పట్లు కొట్టారు. రైతు పంచె ఎగ్గట్టుకుని వచ్చి, "అన్నీ వచ్చాయా?" అంది. మా తమ్ముడు మందని చూశాడు. తర్వాత షెడ్డు బయటకి చూశాడు. మళ్ళీ మందని చూశాడు. మాట లేదు. అన్నం ఒక పొంగు వచ్చేంత సేపు అయింది. ఎవరో దగ్గారు. పైన పిచ్చుకల కిచకిచ తప్ప ఏ చప్పుడూ లేదు. అప్పుడు వెనక నుంచి ఒకావిడ, "పాపం" అంది.

నేను ఆ పాపాన్ని భరించలేకపోయాను. "ఒకటి రాలేదండి, అది వచ్చేదాకా నేను కదలను" అని వెనక బెంచీకి వినపడే గొంతుతో మొత్తం చెప్పేశాను.

జనం ఊపిరి పీల్చుకుని చప్పట్లు కొట్టారు. మా తమ్ముడు నా వైపు తిరిగాడు. కోపంగా చూడలేదు. కండక్టరు అడిగినప్పుడు నా వంక చూసేవాడే, అదే చూపు. తెరవబోయిన నోరు మూసుకున్నాడు. కర్రని జాగ్రత్తగా నేల మీద పెట్టాడు. మోకాళ్ళ మీదికి, చేతుల మీదికి వంగి, బాతుల మధ్యలోకి వెళ్ళి కదలకుండా ఉండిపోయాడు. చూసేవాళ్ళు అది నాటకమే అనుకున్నారు. ఆ వంగడం ఎక్కడిదో నాకొక్కదానికే తెలుసు. ముప్పై క్రిస్మస్‌లు వాడికి నేను నేర్పిన వేషం అది.

"బాగా చేశారండి, పాపం" అని అందరూ అంటూ వెళ్ళిపోయారు. నాకు డైరెక్టరమ్మ మీద కోపం తన్నుకొచ్చింది. తప్పు చేసినవాళ్ళకే ముందు కోపం వస్తుంది కాబోలు. "నీ నియమం మూలంగానే ఇదంతా. నలుగురిలో వాడు ఆగిపోయి నిలబడితే నేను చూస్తూ ఊరుకోవాలా?" అని బస్తాల పక్కన నిలబెట్టి అడిగేశాను.

ఆమె గొంతు పెంచలేదు. "ఆయన ఆగిపోలేదండి. వెతుకుతున్నారు. బాతు కనపడకపోతే కాపరి ముందు కళ్ళతో వెతుకుతాడు కదండి, ఆ తర్వాత కదా చెప్తాడు" అంది.

తెలుగు టీచర్ని, నాటకాలు నేర్పినదాన్ని. నా కళ్ళ ముందు మా తమ్ముడు నటిస్తున్నాడని నాకు తెలియలేదు.

మర్నాడు వాడు సెంటరుకి రానన్నాడు. ఆ మర్నాడూ అంతే. అడిగితే చాలాసేపటికి చెప్పాడు. "మాట అయిపోయింది. అక్క చెప్పేసింది." చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను కొర్రమీను పులుసు పెట్టాను, బతిమాలాను, ఏడ్చాను. పులుసన్నం తిని చెయ్యి కడుక్కున్నాడు. పాలాయన గుమ్మంలో నిలబడి, "ఏవండి, మన మాట ఏమైందండి?" అని అడిగితే లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన నా వంక చూశాడు. నేను పాలు పోయమని గిన్నె చాచాను.

పదిరోజులు పోయాక డైరెక్టరమ్మ ఇంటికి వచ్చింది. వాడి పక్కన నేల మీద కూర్చుంది. "బాబాయి గారూ, మీరు లేకపోతే మంద చెదిరిపోతోందండి. వస్తారా?" అని ఒకసారి అడిగి ఊరుకుంది. నేను వంటింట్లోకి వెళ్ళి బియ్యం కడిగి పొయ్యి మీద పెట్టాను. గుమ్మం అవతలికి తొంగి చూడలేదు. అన్నం పొంగింది, వాడు పలకలేదు. మంట తగ్గించి నిలబడ్డాను. అన్నం వార్చే వేళకి వాడి గొంతు వినపడింది.

"వస్తా. అక్క బాతు."

"ఏ బాతండి బాబాయి గారూ?"

"రాని బాతు."

నేను గరిటె పట్టుకునే బయటకొచ్చాను. "అదేంట్రా, ఈ వయసులో నేను గంప కింద దూరాలా? మోకాళ్ళ నొప్పులు నాకు. ఎంతమందికి పాఠం చెప్పినదాన్ని?" అన్నాను. డైరెక్టరమ్మ పైకి నవ్వలేదు గానీ, "గంపలో పీట వేయిస్తానండి" అంది.

వేశాను. మేదరివాళ్ళ చేత పెద్ద గంప అల్లించారు. గోధుమరంగు దుప్పటి కప్పుకుని పీట మీద ముడుచుకుని కూర్చుంటే, పైన గంప బోర్లించేవాళ్ళు. నాకు మాట లేదు. దొరికాక ఒకసారి క్వాక్ మనాలి, అంతే. కింద నుంచి మనుషుల ముఖాలు కనపడవు, పాదాలే కనపడతాయి. రిహార్సల్స్‌లో ఎవరో టీ గ్లాసు తెచ్చి నా గంప మీద పెట్టారు. "టీచర్ గారికి బీపీ ఉందంట కదా, గాలాడుతుందా?" అని నా నెత్తి మీదే మాట్లాడుకున్నారు గానీ, వంగి నన్నెవరూ అడగలేదు. అన్ని క్రిస్మస్‌లు వాడు ఆ దూది దుప్పటి కింద ఏం విన్నాడో, నెత్తి మీద ఎవరేం మాట్లాడుకున్నారో, నేనెప్పుడూ అడగలేదు.

రెండో ప్రదర్శన మండవల్లిలో, డైరెక్టరమ్మ వాళ్ళ చేపల ప్యాకింగ్ షెడ్డులో. ఐసు పెట్టెలు గోడకి పేర్చేసి, జనం బోర్లించిన ప్లాస్టిక్ ట్రేల మీద కూర్చున్నారు. షెడ్డుకి ఒక పక్క గోడ లేదు, అటు చూస్తే చెరువులు, వాటి వెనక కొల్లేరు. చేపలు పట్టేవాళ్ళు, చేలల్లో పని ముగించుకున్న ఆడవాళ్ళు, రొయ్యల మేత బస్తాలు దింపి వచ్చినవాళ్ళు. ముందు వరుసలో తలపాగా చుట్టుకున్న ఒక ముసలాయన కూర్చున్నాడు. ఒకప్పుడు బాతులు మేపినవాడని ఎవరో అన్నారు. నేను గంప కిందకి దూరాను. ఈసారైనా వాడు అనాలి ప్రభువా, నన్ను మాత్రం నోరు తెరవనీయకు అని ప్రార్థించాను.

రైతు వచ్చింది. "అన్నీ వచ్చాయా?" అంది.

గంప సందుల్లోంచి మా తమ్ముడి పాదాలు కనపడుతున్నాయి. అవి మంద వైపు తిరిగాయి. తర్వాత చెరువుల వైపు తిరిగాయి. ఆగాయి. నా లెక్కలో అన్నం ఒక పొంగు వచ్చింది. నాలుక చివర నాకు ఆ మాట దురద పెడుతోంది. దుప్పటి అంచు పళ్ళ మధ్య పెట్టి కొరికాను. అన్నం రెండో పొంగు వచ్చింది. ఇక ఎవరో పాపం అంటారు, ఇప్పుడే అంటారు అనుకున్నాను. అప్పుడు ముందు వరుసలో ఒక జత కాళ్ళు లేచాయి. ఆ ముసలాయన. మా తమ్ముడి పక్కకి వచ్చి నిలబడి, వాడు చూస్తున్న వైపే తనూ చూడసాగాడు. ఇంకో ఇద్దరు లేచి ఐసు పెట్టెల వెనక వెతికారు. ఎక్కడో ఒకావిడ, "గట్టు కిందికి పోయుంటదండి" అంది. ఆ ఊళ్ళో ఎవరికీ ఆ ఆలస్యం వింతగా లేదు. బాతు పోయింది, కాపరి వెతుకుతున్నాడు. అంతే.

"ఒకటి రాలేదండి" అన్నాడు మా తమ్ముడు. గొంతు చిన్నదే. "అది వచ్చేదాకా నేను కదలను."

చప్పట్లు కొట్టారో లేదో నాకు తెలియదు. నాకు ఏడుపు ఆగలేదు. వాడి పాదాలు గంప దగ్గరకి వచ్చాయి. గంప లేచింది. కళ్ళల్లోకి వెలుతురు కొట్టింది. వాడు వంగి నా ముఖంలోకి చూస్తున్నాడు. నేను క్వాక్ మనాలి. ఎంత ప్రయత్నించినా రాలేదు.

రైతమ్మాయి ఊరుకుంటుందా? పంచె కుచ్చెళ్ళు సర్దుకుంటూ వచ్చి, నాటకంలో లేని ప్రశ్న అడిగింది. "ఎవరిదీ బాతు? అరవదేం?"

మా తమ్ముడు నా తల మీద చెయ్యి వేశాడు. ఆమె వంక చూశాడు, జనం వంక చూశాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

"మా అక్కండి. మాటలు సరిగా రావు. నేను చెప్తాను."

షెడ్డంతా ఆగింది, వాడేం చెప్తాడోనని. వాడి చెయ్యి కింద తల వంచుకుని, నేనూ ఆగాను.